పన్నెండడుగుల మట్టి

"చేతులతోని తియ్యున్రి! చేతులతోని!" అని మా మేస్త్రీ పెళ్ళాం కౌసల్యమ్మ అరుస్తూనే ఉంది. జేసీబీ తొండం గుంత మీదికి వంగి ఉంది. దాన్ని దించితే మట్టితో పాటు మనిషి కూడా రెండు ముక్కలై పైకొస్తాడు. దించమన్నవాడు నరేన్, ఆ పనికి కాంట్రాక్టరు. తెల్లబూట్లకు బురద అంటకుండా గట్టు మీద ఒక సిమెంటు ఇటుక వేయించుకుని దాని మీద నిలబడ్డాడు.

"టైం లేదు. బకెట్ దించు, ఎత్తెయ్" అన్నాడు.

డ్రైవరు ఎటూ తేల్చుకోలేక లివరు మీద చెయ్యి వేశాడు. అప్పుడు కౌసల్యమ్మ తమ్ముడు తిరుపతి పోయి ఆ తొండం కింద నిలబడ్డాడు.

"ముందుగాల నన్ను లేపు అన్నా. అటెన్క వాన్ని లేపుదువు."

డ్రైవరు ఇంజను ఆపేశాడు.

ఇరవై ఆరుగురు తట్టలతో, అన్నం పళ్ళేలతో, ఉత్త చేతులతో తవ్వారు. తీసిన చోటికే ఆ మట్టి మళ్ళీ నడిచి వచ్చేది. మట్టి నడవడం నేను డెబ్బై రెండేళ్ళలో ఎన్నడూ చూడలేదు. చప్పుడు లేకుండా, తొందర లేకుండా, మేసి ఇంటికొచ్చే బర్రెలా వచ్చి నిండుకునేది. గంటకు జీవన్ తల కనపడింది. తర్వాత భుజాలు. వాడు నిలబడే చచ్చిపోయాడు. పార చేతిలోనే ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, వాటి నిండా నీలం బూడిద రంగు బురద.

పోశయ్య, అంటే ఆ జట్టు మేస్త్రీ, వాడి మేనమామ, ఆ కళ్ళు తుడవబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తన చెయ్యి కూడా బురదే.

నరేన్ అప్పుడు తన పక్కనున్న ఇంజనీరు హృషికేశ్‌ని అడిగిన మాట నా చెవులతో విన్నాను.

"ఇంకెన్ని పైపులున్నయి?"

"మూడు సార్" అన్నాడు ఆ అబ్బాయి. గుంత వైపు చూడకుండా అన్నాడు.

ఆ గుంత దగ్గర చాయ్ కాచేది నేనే. ఒకప్పుడు నేనూ బావులు తవ్వినవాణ్ణే, నడుము పోయాక గడ్డపార వదిలి గిన్నె పట్టుకున్నాను. అబద్ధాలు చెప్పడంలో నాకు నాచారంలో సాటి లేరని నా చాయ్ తాగినవాళ్ళంతా ఒప్పుకుంటారు. మా ఊరి బడిపంతులు నాకు అయిదో ఎక్కం దాకే నేర్పగలిగాడు, మిగతా లెక్కలన్నీ నేనే కల్పించుకున్నాను. ఇందులో మాత్రం కల్పన లేదు. ఉంటే బాగుండునని నాకూ ఉంది.

మా పాలమూరు బావి పనివాళ్ళకు ఒక పద్ధతి ఉంది. గుంత ఛాతీ లోతుకు దిగాక మేస్త్రీ గడ్డపార తిప్పి పట్టుకుని దాని వెనకభాగంతో పక్కగోడను మూడుచోట్ల కొడతాడు. చెవిపెట్టి వింటాడు. టంగుమంటే గోడ నిలుస్తుంది. దబ్బుమంటే నిలవదు. నిలుస్తుందని తేలితే మేస్త్రీ ఒక్కడే కిందికి దిగి, ఆ గోడకు వీపు ఆనించి కూర్చుని, జొన్నరొట్టె తింటాడు. అతను తినేదాకా ఎవరూ దిగరు. తిన్నాక ఎవరూ గోడ సంగతి అడగరు. అడిగితే మేస్త్రీని అవమానించినట్టు.

మా నేలకు ఆ పద్ధతి సరిపోయింది. మాది మొరం, గులకరాళ్ళు కలిసిన ఎర్రమట్టి. లోతుకు పోయినకొద్దీ గట్టిపడుతుంది. పైన నిలిచిందంటే కింద నిలుస్తుంది. ఆ నేలను ఒక్కసారి అడిగితే చాలు.

నాచారం చెరువు శిఖంలో, ఎండిన చెరువు కడుపులో పెద్ద మురుగు పైపు వేయడానికి వచ్చినప్పుడు పోశయ్య అదే చేశాడు. ఛాతీ లోతులో కొట్టాడు. టంగుమంది. ఎందుకనదు? పైన నాలుగడుగులు ఎండకు ఎండి పెంకులా పగిలిన నల్లరేగడి. పోశయ్య దిగి రొట్టె తిన్నాడు. ఉల్లిగడ్డ కొరికిన చప్పుడు పైకి వినపడింది. అంతే, గుంత మంచిదైపోయింది.

మంగతాయారు ఒక్కతే కాదంది. ఆమె సైటు ఆఫీసు రేకుల షెడ్డులో ఊడ్చే మనిషి. కొల్లేటి లంకలో పుట్టింది. అక్కడ పొలాలు చేపల చెరువులై బతుకు పోతే మొగుడితో ఇటొచ్చి మల్లాపూర్‌లో ఉంటోంది. తొమ్మిదడుగుల దగ్గర జేసీబీ ఎత్తిపోసిన మట్టిని ఆమె ముక్కు దగ్గర పెట్టుకుంది.

"తాతగారూ, ఇది అచ్చం మా కొల్లేటి అడుసండీ. కుళ్ళిన గుడ్డు వాసన చూడండి. జమ్ము వేరు చుట్టూ తుప్పు గీత చూడండి. ఇది నీళ్ళు తాగిందంటే వదలదు. పైన ఎండి రాయిలా కనపడుద్ది, లోపల పెరుగే. దీన్ని నిటారుగా కోస్తే నిలబడదండీ."

అందరూ ఆగారు. జీవన్ కూడా నిచ్చెన మీద ఒక కాలు వేసి ఆగాడు. అప్పుడు, చెప్పడానికి సిగ్గుపడుతున్నాను, నేను నోరు తెరిచాను.

"ఓ తాయారమ్మా, నిటారు గోడంటే మా ముత్తాత తవ్విన బావిది. మీదికెల్లి కోడిగుడ్డు జారవిడిస్తే అది అడుగుకు శేరకముందే పిల్లయింది. ఆ పిల్ల మల్ల ఎక్కి పైకొచ్చేసరికి పుంజైంది. కూత పెట్టుకుంటనే వచ్చింది!"

నవ్వారు. అందరికంటే గట్టిగా జీవన్ నవ్వాడు. "తాతా, గా పుంజు కూర నువ్వు తిన్నవా?" అని నవ్వుకుంటూనే దిగాడు. మంగతాయారు చేతిలోని మట్టి విదిలించి చీపురు తీసుకుని వెళ్ళిపోయింది.

అది సోమవారం. గోడ గురువారం కూలింది.

శవాన్ని దవాఖానాకు తీసుకుపోతామన్నప్పుడు నరేన్ ఒక కాగితం తెచ్చాడు. 'గోడ నేనే పరీక్షించాను, బాగుందని నేనే చెప్పి మనుషులను దింపాను' అని అందులో ఉంది. వేలిముద్ర వేస్తేనే అంబులెన్సు కదులుతుందన్నాడు. పోశయ్యకు చదువు రాదు. తిరుపతి చదివి చెప్పేలోపే ఆయన బొటనవేలు ఆనించాడు. ఇంకు అవసరం పడలేదు.

శవంతో పాటు ఇద్దరు ఊరికి పోయారు. మిగిలినవాళ్ళం శుక్రవారం పొద్దున్నే గుంత చుట్టూ నిలబడి ఉన్నాం. నిలబడమని ఎవరూ చెప్పలేదు, కాళ్ళు అటే తీసుకొచ్చాయి. మౌలాలి గుట్ట మీద ఎండ పడింది. గుంతలో ఇంకా పడలేదు. కూలిన చోట అడుగున నీళ్ళు ఊరి ఉన్నాయి. ఎదురుగోడ ఇంకా నిలబడే ఉంది, కానీ దాని పొట్ట ముందుకు ఉబ్బింది. ఉండుండి ఒక చిన్న పెళ్ళ జారి నీళ్ళలో 'బుళుక్' మనేది. ఆ చప్పుడుకు ఇరవై మంది ఒక్కసారిగా వెనక్కి జరిగేవాళ్ళు. మళ్ళీ ముందుకొచ్చి తొంగిచూసేవాళ్ళు. పామును చంపామో లేదో తెలియని మనుషుల్లా ఉన్నాం.

నరేన్ వచ్చాడు. కాగితం మడత విప్పి చూపించాడు.

"మూడు పైపులు. ఇయ్యాల దిగుతే ఈ కాగితం నా జేబులనే ఉంటది. దిగకపోతే ఠాణాల ఉంటది. మీ మేస్త్రీ జైలుకు పోతడు. మీ ఇష్టం. తొమ్మిదిన్నరకు మల్ల వస్త."

"పక్కలకు రేకులు కొట్టి, నడుమ జాకీలు పెట్టిపియ్యున్రి సారు" అన్నాడు తిరుపతి. "అట్లయితే దిగుతం."

"రేకులు రావాలంటే పది రోజులు. నాకు పది రోజులు ఎవడిస్తడు, నువ్విస్తవా?"

వెళ్ళిపోయాడు. పోశయ్య తలకు తువ్వాల చుట్టుకున్నాడు. నిచ్చెన దగ్గరికి నడిచాడు. కౌసల్యమ్మ వెనకనుంచి అంగీ పట్టుకుంది.

"యాడికి?"

"ఇడువు."

"యాడికి అంటున్న!"

"మూడు పైపులేగదనే. నేనొక్కన్నే దిగుత. వాన్ని నేనే సంపిన. రొట్టె తిన్నది నేను. కొట్టి సూసింది నేను. మా అక్కకు ఏ మొకం సూపిస్త?"

"సచ్చి ఏ మొకం సూపిస్తవ్?"

అంగీ చిరిగింది. ఆమె చిరుగును వదల్లేదు. తిరుపతి వచ్చి బావ నడుము పట్టుకున్నాడు. ముగ్గురూ ఆ అంచు మీద పెనుగులాడుతుంటే కాళ్ళ కింద పెంకు పటపటమని పగిలింది. పదిమంది కలిసి ముగ్గుర్నీ లాగి నా చాయ్ పందిరి రేకుల నీడలో పడేశారు.

అక్కడ మొదలైంది లొల్లి. అందరూ ఒకేసారి మాట్లాడారు.

"ఊరికి పోదాం పటు. ఉప్పల్‌ల బస్సెక్కితే మాపటికల్లా ఇంట్ల ఉంటం."

"మరి పోశన్న?"

"మేస్త్రీతోనే పోదాం."

"పోలీసోల్లకు ఊరు దొరకదా?"

"మనం పోతే ఏమైతది? వాడు కూలీల అడ్డా మీదికెల్లి ఇంకో ఇరవై మందిని దెస్తడు. వాళ్ళు దిగుతరు. వాళ్ళకు గోడ సంగతి ఎర్కేనా?"

ఆ మాట అన్నది కౌసల్యమ్మ. భయం అంతకుముందు ఇరవై ముక్కలుగా ఉంది, ఎవరిది వాళ్ళ కడుపులో. ఆ మాటతో మొఖాలు తెలియని ఇంకో ఇరవై మంది భయం కూడా వచ్చి మా మధ్య కూర్చుంది.

నేను లేచాను.

"తప్పు మేస్త్రీదొక్కనిదే కాదు. తాయారమ్మ సెప్పింది. నేను కోడిగుడ్డు కత జెప్పి మిమ్ముల నవ్విపిచ్చిన. ఆ నవ్వుల ఆమె మాట మునిగింది. నా పాలు నాది."

ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త బాగుండేది.

తిరుపతి పోయి షెడ్డు దగ్గర ఊడుస్తున్న మంగతాయారును పిలుచుకొచ్చాడు. "అక్కా, గా మట్టి సంగతి మల్ల జెప్పు. ఇయ్యాల ఎవ్వరం నవ్వం."

ఆమె మా మధ్య నిలబడి కొంగు నడుముకు దోపుకుంది. తవ్విపోసిన కుప్పలో అడుగునున్న మట్టి తోడి తిరుపతి అరచేతిలో పెట్టింది.

"పిడికిలి బిగించు తమ్ముడూ."

బిగించాడు. నాలుగు వేళ్ళ సందుల్లోంచి నీలిబూడిద రంగు పురుగుల్లా మట్టి బయటికొచ్చింది. పిడికిలి తెరిస్తే అరచేతిలో సగం కూడా లేదు.

"మా వైపు పిల్లలక్కూడా తెలుసండీ. పిడికిట్లో ఆగితే దాని మీద గుడిసె వేస్తాం. వేళ్ళలోంచి సగం కారితే గేదెను తోలం. అంతా కారిపోతే మేకను కూడా తోలం. ఇది సగం పైనే కారింది. మీ నేలలో పైన అడిగితే చాలేమో. ఈ నేల కిందికి పోయినకొద్దీ మెత్తబడుద్దండీ. దీన్ని ప్రతి అడుక్కీ అడగాల్సిందే."

పోశయ్య తల ఎత్తాడు. నిన్నటినుంచి మొదటిసారి ఆయన కళ్ళలో వెతుకులాట కనిపించింది.

"కిందికి పోతే మెత్తగైతదా?" అన్నాడు. తానే చెయ్యి చాపాడు. మట్టి తీసుకుని పిసికాడు. చూశాడు. మళ్ళీ తీసుకుని పిసికాడు. తర్వాత మొఖం మోకాళ్ళ మధ్య పెట్టుకుని బిగ్గరగా ఏడ్చాడు. యాభై రెండేళ్ళ మనిషి, ముప్పై ఏళ్ళు భూమి లోపల బతికినవాడు, భూమి మీద కూర్చుని ఏడ్చాడు.

ఒకరి తర్వాత ఒకరం పిసికాం. పిసికినవాడి మొఖంలో రక్తం పోయేది. నిన్నటిదాకా దాని కిందే కూర్చుని బీడీ కాల్చుకున్నాం కదా.

"మనకు దెల్వదు" అన్నాడు తిరుపతి. "గా సారోల్లకు గూడ దెల్వదా?"

మంగతాయారు చుట్టూ చూసింది. గొంతు తగ్గించింది.

"తెలుసు."

వేసవిలో, తవ్వకం మొదలవకముందే నరేన్ ఒక మిషను తెప్పించి ఇనపగొట్టం దింపి లోపలి మట్టి తీయించాడట. కొంత పరీక్షకు పంపి, కొంత ప్లాస్టిక్ సంచుల్లో కట్టి షెడ్డులో బల్ల కింద పెట్టారట. ఊడ్చేటప్పుడు ఆమె పారేయబోతే ఇంజనీరు హృషికేశ్ ఆపాడట. "అది పన్నెండడుగుల మట్టి ఆంటీ, ఉండనీ" అన్నాడట. సంచి మీద చీటీ, చీటీ మీద మే నెల తేదీ, అతని చేతిరాత.

మే నెల! అప్పటికి మేమింకా మా ఊళ్ళలో ఉన్నాం. జీవన్ అప్పుడు ఊళ్ళో కొత్త మోటారుకు పైపులు బిగిస్తూ ఉండి ఉంటాడు.

"తెస్తవా అక్కా?" అని కౌసల్యమ్మ అడిగింది.

మంగతాయారు షెడ్డు వైపు చూసింది. ఆమె ఉద్యోగం ఆ షెడ్డులోనే. పట్టుబడితే దొంగతనం అంటారు. చీపురు తీసుకుని, చెత్తబుట్ట చంకన పెట్టుకుని, మాకు వీపు చూపించి నడిచింది. షెడ్డు ముప్పై అడుగుల దూరం. ఆ ముప్పై అడుగులూ ఆమె చెప్పుల చప్పుడు మేం లెక్కపెట్టుకున్నాం. లోపల హృషికేశ్ ఉన్నాడు. తలుపు తెరిచే ఉంది కనుక నాకు కనపడింది. ఆమె బల్ల కిందికి వంగింది. అతను చూశాడు. నిజంగా చూశాడు. తర్వాత కంప్యూటరు వైపు తిరిగి, అందులో ఏమీ లేకపోయినా దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

సంచి వచ్చింది. ఆరు నెలలు కట్టి ఉన్నా లోపలి మట్టి ఆరలేదు.

అంతలో రోడ్డు వైపునుంచి బండ్ల చప్పుడు. ముందు నరేన్ కారు, దాని వెనక పోలీసు జీపు, ఆ వెనక డీసీఎం లారీ. లారీ నిండా ఉప్పల్ అడ్డా మీది మనుషులు, పారలతో, టిఫిన్ డబ్బాలతో.

మాలో ఇద్దరు ముగ్గురు లేచి చెరువు కట్ట వైపు పరిగెత్తబోయారు. నేనూ లేచాను, అబద్ధం చెప్పను. "కూకోన్రి" అంది కౌసల్యమ్మ. "ఉరుకుతే మనం దొంగలమైతం." కూర్చోలేదు, పరిగెత్తలేదు. ఒకరి భుజానికి ఒకరం ఆనుకుని, గుంతకూ లారీకీ మధ్య నిలబడ్డాం. పక్కనున్నవాడి వణుకు నా వణుకుతో కలిసి ఏది ఎవరిదో తెలియలేదు.

అడ్డా మనుషుల్లో ఒక నెరిసిన గడ్డం ఆయన ముందుకొచ్చాడు.

"అన్నా, మీతోని మాకు లొల్లి లేదు. పనికొచ్చినం. జర తొవ్వ ఇడ్సున్రి."

తిరుపతి పిడికిలి ఎత్తబోయాడు. కౌసల్యమ్మ ఆ చెయ్యి దించింది. సంచి ముడి విప్పి ఒక ముద్ద తీసి ఆ గడ్డమాయన చేతిలో పెట్టింది.

"తొవ్వ ఇడుస్తం అన్నా. ముందుగాల గిది పిసుకు."

ఆయన నవ్వి పిసికాడు. నవ్వు ఆగిపోయింది. వేళ్ళ మధ్యనుంచి కారిన దాన్ని చూశాడు. గుంతలోకి తొంగిచూశాడు.

"ఇదేంది, పెరుగు లెక్కనున్నది. దీంట్ల ఎంత లోతు దిగాలె?"

"పద్దెనిమిదడుగులు. నిన్న మా మేనల్లుడు దిగిండు. నిలవడే సచ్చిండు."

"ఏ మట్టైనా పిసికితే కారుతది!" అని నరేన్ కేకేశాడు.

"గట్లనా సారూ?" అన్నాడు తిరుపతి. "అయితే మీరే మొదలు దిగున్రి. ఇటుక గూడ తెచ్చిస్త, బూట్లు కరాబుగాకుండ."

మా గుంపులోనుంచే కాదు, లారీ మీదనుంచి కూడా నవ్వు వచ్చింది. భయంలో వచ్చే నవ్వు అది, ఏడుపుకు అన్నయ్య. గడ్డమాయన వెనక్కి పోయి, తన టిఫిన్ డబ్బాను మళ్ళీ లారీలో పెట్టాడు. అది చూసి ఇంకొకడు పెట్టాడు. రేకు మీద రేకు తగిలిన చప్పుడు ఒకటొకటిగా వినపడింది.

ఎస్సై ముందుకొచ్చాడు. "ఎవడ్రా మేస్త్రీ? గోడ బాగుందని చెప్పి మనిషిని చంపింది ఎవడు?"

పోశయ్య మా మధ్యనుంచి బయటికొచ్చాడు. చిరిగిన అంగీ, చేతులు మోచేతుల దాకా బురద.

"నేను సారు. నేనే జెప్పిన. తప్పయింది, రాసుకోన్రి. నేను కాదన. కని నాకు దెల్వక జెప్పిన. మే నెలల ఈ మట్టి తీపిచ్చి, సంచిల గట్టిపిచ్చి, ఎట్లుంటదో సూసినోడు గూడ ఇక్కడనే ఉన్నడు. ఆయన దెలిసి దింపిండు. రెండూ రాయున్రి. రెండూ రాస్తే నేనే జీపెక్కుత. ఒక్కటే రాస్తే ఎక్క."

"నాకు చెప్తావురా ఏం రాయాల్నో?"

"రెండూ రాయాలె!" అంది కౌసల్యమ్మ.

"రెండూ రాయాలె!" ఇది మా ఇరవై గొంతులు. మూడోసారికి అడ్డా గొంతులు కూడా కలిశాయి.

నరేన్ ఎస్సై చెవిలో ఏదో చెప్పాడు. ఎస్సై చెయ్యి ఊపాడు. "ఆ సంచి పట్టుకోండి."

మంగతాయారు నాకంటే చురుకైంది. కానిస్టేబుల్ వచ్చేలోపే సంచిలో చెయ్యి పెట్టి తీసిన ముద్దను పక్కామెకు ఇచ్చింది, పక్కామె ఇంకొకరికి. మాట లేదు, సైగ లేదు. తట్టలు చేతులు మార్చుకునే పనివాళ్ళకు అది నేర్పాలా? వాళ్ళు సంచి లాక్కునేసరికి అది ఖాళీ. చీటీ మాత్రం దానికి అతికి ఉంది, అది పోయింది. మట్టి మాత్రం నలభై పిడికిళ్ళలో ఉంది.

"చేతులు తెరవండి!"

ఒక్క చెయ్యీ తెరుచుకోలేదు.

లాఠీ ముందు తిరుపతి వేలికణుపుల మీద పడింది. రెండోది కూడా అక్కడే. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మోకాళ్ళు వంగాయి, వేళ్ళ మధ్యనుంచి నీలం మట్టీ ఎర్ర నెత్తురూ కలిసి కారాయి. పిడికిలి మాత్రం పట్టిన పట్టే. మూడో దెబ్బకు నా పక్కనున్నామె కళ్ళు మూసుకుని తన పిడికిలి ముందుకు చాపింది. తర్వాత ఇంకొకరు. కొట్టేవాడికి ఎన్ని చేతులని కొట్టాలో తెలియలేదు.

పోశయ్యను ఎత్తి జీపులో పడేశారు. జీపు కదిలింది. దాని వెనక మేం నడిచాం.

శిఖం దాటి నాచారం పెద్దరోడ్డెక్కేసరికి మిట్టమధ్యాహ్నం కావస్తోంది. ఫ్యాక్టరీ గేట్ల ముందు చాయ్ తాగుతున్న కార్మికులు మమ్మల్ని చూశారు. జెండా లేదు, బ్యానరు లేదు. నడుములదాకా బురదతో, కుడిచేతులు బిగించుకుని, ముందుకు పోతున్నామో వెనక్కి పోతున్నామో తెలియని మొఖాలతో నడుస్తున్న మనుషులం.

"ఏమైందన్నా? చేతిల ఏమున్నది?"

"పన్నెండడుగుల మట్టి."

"ఏందది?"

నడుస్తూనే చెప్పేవాళ్ళు. విన్నవాడు పదడుగులు పక్కనే నడిచేవాడు. తర్వాత గేటు వైపు ఒకసారి చూసుకుని, మాతోనే వచ్చేవాడు. అందరూ రాలేదు. కొందరు తలదించుకుని లోపలికి పోయారు. వాళ్ళకూ పిల్లలున్నారు. నేను మధ్యలో రెండుసార్లు ఆగిపోదామనుకున్నాను. జీవన్ నవ్వు నన్ను వెనకనుంచి తోసింది.

ఠాణా వరండాలో మమ్మల్ని ఆపారు. లోపల పోశయ్య నేల మీద కూర్చున్నాడు, కనపడుతున్నాడు. బల్ల దగ్గర కేసులు రాసే రైటరు కానిస్టేబుల్ కాగితాలు సర్దుతున్నాడు. ఎస్సై మీసం తుడుచుకున్నాడు.

"ఈ మట్టి ఆ షెడ్డుదేనని సాక్ష్యమేంది? చెరువు నిండా మట్టే కదా."

అప్పుడే హృషికేశ్ మోటారు సైకిలు మీద గేటు దగ్గరికొచ్చాడు. ఎవరూ పిలవలేదు. తనంతట తనే వచ్చాడు. మౌలాలి రైల్వే క్వార్టర్లలో పెరిగిన పిల్లవాడు, నా దగ్గర చక్కెర తక్కువ చాయ్ తాగేవాడు. కౌసల్యమ్మ గేటు దాకా పోయింది.

"సెప్పు బిడ్డా. గా చీటీ మీది రాత నీదే గద. ఒక్క మాట జెప్పు. మావోడు నిన్ను అన్న అని పిలిచెటోడు."

అతని పెదవులు కదిలాయి. నిజంగా చెప్పబోయాడు, నేను ప్రమాణం చేస్తాను. అంతలో నరేన్ కారు గేటు ముందు ఆగింది. నరేన్ దిగను కూడా లేదు. అద్దం దించి, చూశాడు. అంతే. హృషికేశ్ బండి కిక్కు కొట్టాడు. రెండోసారికి స్టార్టయింది. తార్నాక వైపు తిరిగి పోయాడు. ఆ చప్పుడు సన్నబడి పోయేదాకా అందరం ఆ రోడ్డు వైపే చూశాం.

అంత భయం గుంత దగ్గర కూడా నాకు పుట్టలేదు. గోడ మళ్ళీ కూలింది, ఈసారి మా అందరి మీదా.

కౌసల్యమ్మ వెనక్కి తిరిగి వచ్చింది. మెట్లెక్కింది. అడ్డం వచ్చిన లాఠీని మోచేత్తో పక్కకు జరిపి నేరుగా బల్ల దగ్గరికి పోయింది.

"పోనీ సారు. పిల్లగాడు బండెక్కి పోయిండు. మట్టి బండెక్కి పోదు. గా గుంత ఆడనే ఉన్నది. ఎవలొచ్చి పన్నెండడుగుల కాడ చెయ్యి పెట్టినా గిదే వస్తది. మీరే వచ్చి పెట్టున్రి."

పిడికిలి విప్పి తన ముద్దను ఆ కాగితాల పక్కన పెట్టింది. వెనకనుంచి తిరుపతి వచ్చాడు, వాడి వేళ్ళు విచ్చుకోవడం లేదు, ఎడమచేత్తో ఒక్కొక్క వేలు లేపి పెట్టాడు. మంగతాయారు పెట్టింది. గడ్డమాయన పెట్టాడు. నేనూ పెట్టాను. బల్ల మీద చోటు చాలక కింద పెట్టారు. గది నిండా ఆ చెరువు కడుపు వాసన.

రైటరు కానిస్టేబుల్ తన కాగితాల మీదికి జారుతున్న ముద్దను పక్కకు నెట్టబోయాడు. అది అతని చేతికొచ్చింది. ఏ ఊరివాడో, ఏ పొలం వదిలి ఆ ఖాకీలోకి వచ్చాడో. అతని చెయ్యి దానంతటదే మూసుకుంది. వేళ్ళ సందుల్లోంచి మట్టి కారింది. అతను దాన్ని చూస్తూ ఉండిపోయాడు.

"ఏం చేస్తున్నవయ్యా, పారెయ్!" అని ఎస్సై అరిచాడు.

కానిస్టేబుల్ చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. కలం తీసుకున్నాడు. వరండాలో గుంపు ముందుకు జరిగింది, రోడ్డు మీది గుంపు వరండాలోకి జరిగింది. లోపల నేల మీదనుంచి పోశయ్య లేచి నిలబడ్డాడు.

"చెప్పమ్మా" అన్నాడు కానిస్టేబుల్, తలెత్తకుండా. "ముద్దాయి పేరు?"

కౌసల్యమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"ఇద్దరున్నరు. మొదలు నరేన్ అని రాయి. మా ఇంటాయిన పేరు రెండోది."